ఏటా మార్చికి కూలిపోయే ప్రణాళిక: ఒక వ్యక్తిని వ్యవస్థగా చదివిన కేసు

ఈ కేసులోని వ్యక్తి నలభై దాటిన మహిళ. ఇంజినీరింగ్ డిజైన్ రంగంలో ఒక బృందానికి నాయకత్వం వహిస్తున్నారు. ఆమె అనుమతితోనే దీన్ని రాస్తున్నాను, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చాను. వ్యక్తిగత ఎదుగుదల, జీవిత ప్రణాళికల్లో సాయం చేయడం నా వృత్తి. ఆమె నా దగ్గరికి వచ్చింది ఉద్యోగంలో సంక్షోభం వల్లనో, ఇంట్లో గొడవల వల్లనో కాదు. ఐదేళ్లలో బోధన వైపు మళ్లాలనీ, అందుకోసం మధ్యలో ఆగిపోయిన పరిశోధనను పూర్తిచేసి పట్టా తీసుకోవాలనీ ఆమెకు స్పష్టమైన కోరిక ఉంది. ఏటా జనవరిలో ఎక్సెల్‌లో ఏడాది మొత్తానికి ప్రణాళిక వేసుకుంటారు, మార్చి వచ్చేసరికి అది మూలన పడుతుంది. అలా నాలుగేళ్ల షీట్లు ఆమె ల్యాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. వాటిని తెరిచి చూపిస్తూ, "నాకు క్రమశిక్షణ లేదండీ, అదొక్కటీ నేర్పితే చాలు" అన్నారు.

నాలుగు షీట్లనూ వరసగా చదివితే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. మొదటి ఏడాది ఉదయం ఐదున్నరకు లేవాలని రాసుకున్నారు, రెండో ఏడాది ఐదింటికి, నాలుగో ఏడాదికి అది నాలుగుంబావు అయింది. వారానికి రాయాల్సిన పేజీల సంఖ్య ఒక ఏడాది పెరిగింది, మరో ఏడాది తగ్గింది. మారినవన్నీ అంకెలే. ఆ అంకెల చుట్టూ ఉన్న ఏర్పాటు, అంటే ఎవరు ఎప్పుడు ఏమి అడుగుతారు, ఆమె దేనికి ఎలా ఒప్పుకుంటారు, ఒప్పుకున్నది ఎక్కడ నిలవ ఉంటుంది అన్నది ఒక్క షీట్‌లోనూ లేదు. ఒక వ్యవస్థలో ఎక్కడ చేయి పెడితే ఎంత ఫలితం వస్తుందన్న ప్రశ్నను లోతుగా పరిశీలించిన డొనెల్లా మెడోస్, 1999లో ప్రచురించిన వ్యాసంలో అలాంటి చోట్లను పన్నెండింటిని వరసపెట్టి, అంకెలను సవరించడాన్ని అన్నిటికంటే బలహీనమైన స్థానంలో ఉంచారు. సమాచారం ఎవరికి ఎప్పుడు చేరుతుందన్నది, నియమాలు, వ్యవస్థ అసలు లక్ష్యం అంతకంటే చాలా పైన ఉంటాయి. ఈమె నాలుగేళ్లుగా శ్రమ పెట్టింది ఆ బలహీనమైన చోటే.

క్రమశిక్షణ లేదన్న మాటను నేను మొదట్లోనే పక్కన పెట్టడానికి ఇంకో కారణం ఉంది. బృందానికి అప్పజెప్పిన పనుల్లో ఆమె గడువు తప్పినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఒకే మనిషి ఒకచోట గడియారంలా నడుస్తూ మరోచోట ఏటా ఆగిపోతుంటే, తేడాను ఆ మనిషి గుణంలో కాకుండా ఆ రెండు చోట్ల ఉన్న ఏర్పాట్లలో వెతకడం సబబు. మనిషిని వ్యవస్థగా చూడడమంటే నా వృత్తిలో నేను చేసేది ఇంతే. యంత్రంగా చూడడం అని దీని అర్థం కాదు. సజీవ వ్యవస్థ తన చుట్టూ ఉన్నవాటితో నిరంతరం ఇచ్చిపుచ్చుకుంటూనే తన రూపాన్ని నిలుపుకుంటుందని జీవశాస్త్రవేత్త లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ చేసిన ప్రతిపాదన ఇక్కడ ఆధారం. నిలుపుకునే ఆ గుణం వల్లనే మంచి సంకల్పాలు కూడా వెనక్కి నెట్టబడతాయి.

నమోదు

ఆమె జీవితంలో ఏది దేన్ని ఎలా నడుపుతోందో చూపే పటం గీయడానికి ముందు రెండు వారాల నమోదు అడిగాను. "మీరెందుకు రాయలేకపోతున్నారు" అని నేరుగా అడగలేదు. తమ ప్రవర్తనకు అసలు కారణమేమిటో చెప్పమంటే మనుషులు తరచూ లోపలికి చూసి చెప్పరనీ, ఉన్నవాటిలో నమ్మశక్యంగా కనిపించిన కారణాన్ని చెబుతారనీ రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లోనే చూపించారు. అందువల్ల కారణాలు కాక సంఘటనలు రాయమన్నాను. నిన్నటి రోజును ఘట్టాలుగా విడగొట్టి ఒక్కొక్కదాన్నీ తిరిగి కట్టుకునే పద్ధతిని డేనియల్ కానెమన్ బృందం 2004లో ప్రకటించింది. దాన్ని కొంత సరళం చేసి వాడాను. ఎవరు ఏమి అడిగారు, నేనేమన్నాను, ఎప్పుడు పూర్తిచేశాను, ఎప్పుడు పడుకున్నాను: ఈ నాలుగు గడులు, చివర ఆ రోజు థీసిస్ గురించి ఒక మాట.

ఆ నమోదులోంచి ఒక బుధవారాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే కేసు మొత్తం అందులో ఉంది. సాయంత్రం 6:40కి ఆమె ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో పెడుతుండగా బృందంలోని ఒక జూనియర్ వచ్చి, "మేడమ్, ఈ డ్రాయింగ్ ఒక్కసారి చూసిపెడతారా, రేపు పొద్దున్నే పంపాలి" అన్నాడు. ఆమె, "మెయిల్ చెయ్, రాత్రికి చూస్తాను" అన్నారు. రాత్రి 9:15కి దాన్ని తెరిచారు. కొలతల్లో రెండు తేడాలు దొరికాయి. అతనికి ఫోన్ చేసి వివరించేలోపు తానే సరిచేసేయవచ్చనిపించి సరిచేశారు, దాంతోపాటు ఎవరూ అడగని ఒక నోట్స్ పట్టికను కూడా తిరగరాశారు. 10:50కి తిరిగి పంపారు. తర్వాత తమ్ముడి దగ్గర నుంచి వచ్చిన ఒక దరఖాస్తు నింపారు. పడుకునేసరికి 12:20 అయింది. చివరి గడిలో థీసిస్ పక్కన ఆమె రాసిన మాట: "బద్ధకం."

తొంభై అయిదు నిమిషాలు నైపుణ్యంతో, శ్రద్ధగా చేసిన పని ఒక పక్కన ఉంది, అదే కాగితం మీద ఆ రాత్రికి ఆమె పెట్టుకున్న పేరు బద్ధకం. వ్యక్తిగత ఎదుగుదల కోసం వచ్చేవారిలో ఇలాంటి నమోదులు నాకు కొత్త కాదు. తప్పు లెక్క రాసే మీటరుతో ఎవరూ ఏ వ్యవస్థనూ నడపలేరు. అలాంటిది మీటరును సరిచేయకుండా ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించమనడం ఈ రంగంలో మామూలైపోయింది.

పటం

నమోదు చేతికి వచ్చాక పెద్ద కాగితం మీద ఇద్దరం కలిసి పటం గీశాం. ముందుగా నిల్వలు. నిల్వ అంటే కాలంతో పేరుకునేది లేదా తరిగేది. ఆమె విషయంలో నాలుగు తేలాయి: ఒప్పుకుని ఇంకా పూర్తిచేయని పనులు, నిద్ర, ఇతరులకు ఆమెపై ఉన్న నమ్మకం, బృందంలోని జూనియర్ల నైపుణ్యం. ప్రతి నిల్వలోకీ వచ్చేదేమిటి, అందులోంచి పోయేదేమిటి అని బాణాలు వేశాం. ఆమె వేసుకున్న ఏ ప్రణాళికలోనూ మొదటి నిల్వకు కనీసం ఒక పేరు లేదు.

ఒప్పుకున్న పనులను లెక్కపెట్టమంటే మొదట "పదిహేను ఉంటాయేమో" అన్నారు. మెయిల్, ఫోన్ సందేశాలు, నోట్‌బుక్ అన్నీ తిరగేసి రాస్తే 36 వచ్చాయి. వారానికి సగటున నాలుగు పూర్తవుతున్నాయి, దాదాపు నాలుగే కొత్తవి వస్తున్నాయి. వ్యవస్థలో సగటున ఉన్న పనుల సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కొక్కటి లోపల గడిపే కాలంతో గుణిస్తే వచ్చే సంఖ్యకు సమానమని జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. రాకపోకలు నిలకడగా ఉన్నప్పుడు వరసలో నిలబడ్డ ఏ పనికైనా ఇది వర్తిస్తుంది. 36ను నాలుగుతో భాగిస్తే తొమ్మిది. అంటే ఆమె ఈరోజు సరేనన్న పని సగటున తొమ్మిది వారాలు ఆమె తలలో తిరుగుతూ ఉంటుంది. అదే వేగంతో పనిచేస్తూ నిల్వ 16కు తగ్గితే ఆ కాలం నాలుగు వారాలకు వస్తుంది. ఆమె రోజుకు ఒక్క నిమిషం ఎక్కువ పనిచేయనక్కర్లేదు. ఈ లెక్క చేస్తుండగా ఆమె ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. ఇంజినీర్లకు ఓదార్పు కంటే సమీకరణం త్వరగా అందుతుంది.

తర్వాత వలయాలు. వలయం అంటే ఒకదాని ఫలితం చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ దాన్నే కదిలించే చక్రం. జూనియర్ డ్రాయింగ్‌ను ఆమె సరిచేస్తారు, డ్రాయింగ్ చక్కగా వెళ్తుంది, ఆమెపై నమ్మకం పెరుగుతుంది, ఇంకా ఎక్కువమంది ఆమె దగ్గరికే వస్తారు. ఇది తనను తాను పెంచుకునే వలయం. దాని పక్కనే మరొకటి ఉంది: ఆమె సరిచేసిన తప్పు జూనియర్‌కు కనిపించదు, కనిపించని తప్పు అతను మళ్లీ చేస్తాడు, అది మళ్లీ ఆమె బల్ల మీదికే వస్తుంది. ఇతరుల సమస్యకు తాత్కాలిక ఉపశమనం ఇస్తూ పోతే వారి సొంత సామర్థ్యం మొలకెత్తదన్నది వ్యవస్థల అధ్యయనంలో ప్రసిద్ధమైన నమూనా. ఆమె మంచితనం వల్లే ఆ బృందం ఎదగడం లేదని నేను అనలేదు, పటం చూసి ఆమే అన్నారు.

మూడో వలయం నిద్రది, ఇక్కడ కొంచెం ఆగాలి. పనుల నిల్వ పెరిగితే రాత్రి పొద్దుపోతుంది, నిద్ర తరుగుతుంది, మర్నాడు అదే పనికి ఎక్కువసేపు పడుతుంది, తప్పులు దొర్లుతాయి, నిల్వ మరింత పెరుగుతుంది. ఆమెకు ఇందులో నమ్మకం కలగలేదు. "నాకు ఆరు గంటలు సరిపోతుందండీ, అలవాటైపోయింది" అన్నారు. హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ తదితరులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో సరిగ్గా ఈ మాటనే పరీక్షించారు. వరసగా 14 రోజులు రాత్రికి ఆరు గంటలో అంతకు తక్కువో పడుకోనిచ్చినవారి ఏకాగ్రత రోజురోజుకూ దిగజారి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివారి స్థాయికి చేరింది. అయితే, నిద్ర వస్తోందా అని అడిగితే వారు మొదటి కొద్ది రోజుల తర్వాత పెద్దగా మార్పు చెప్పలేదు. లోటు పేరుకుంటూనే ఉంది, దాన్ని చూపించాల్సిన ముల్లు మాత్రం ఆగిపోయింది. అలవాటైపోయిందన్న భావన ఆ ఆగిపోయిన ముల్లే.

ఇక్కడే మార్చి రహస్యం బయటపడింది. ఏటా డిసెంబరు చివర్లో ఆమె రెండు వారాలు సెలవు తీసుకుంటారు. నిద్ర నిండుతుంది, కొత్త పనులేవీ రావు, పాతవి కొన్ని తీరుతాయి. జనవరి మొదటి వారంలో, నిల్వలన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, ఆమె ప్రణాళిక వేస్తారు. ఆ నిల్వలు అడుగంటడానికి ఆరేడు వారాలు పడుతుంది. ఫిబ్రవరి చివరికి ప్రణాళిక వేసిన మనిషి, దాన్ని అమలు చేయాల్సిన మనిషి ఒక్కరు కారు. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉండడం వల్లనే, కూలిన ప్రతిసారీ ఆమెకు కళ్లముందున్న మార్చి తప్ప, దాన్ని తయారుచేసిన జనవరి కనిపించలేదు. ఆ పైన, కూలినందుకు కలిగిన అపరాధ భావంతో మరుసటి ఏడాది ఇంకా కఠినమైన షీట్ తయారయ్యేది. నాలుగో వలయం అదే.

సమయపాలన పద్ధతుల్లో చాలావరకు పోయే వైపు, అంటే పనులు త్వరగా పూర్తిచేయడం మీద దృష్టి పెడతాయి. ఆమె అవన్నీ ప్రయత్నించారు, కొన్నింటిలో ఆరితేరారు కూడా. కుళాయి కట్టకుండా నేల ఎంత చురుగ్గా తుడిచినా తడి తగ్గదు.

చెప్పని లక్ష్యం

పటం పూర్తయ్యాక నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ వ్యవస్థ నిలకడగా, తప్పకుండా ఉత్పత్తి చేస్తున్నదేమిటి? సైబర్నెటిక్స్‌ను, అంటే యంత్రాల్లోనూ జీవుల్లోనూ నియంత్రణ ఎలా జరుగుతుందో చదివే శాస్త్రాన్ని, సంస్థల నిర్వహణకు అన్వయించిన స్టాఫర్డ్ బీర్, ఒక వ్యవస్థ ప్రయోజనమేమిటో దాని ప్రకటనల్లో వెతకవద్దనీ, అది చేస్తున్నదే దాని ప్రయోజనమనీ చెప్పేవారు. మనిషికి ఈ సూత్రం అన్వయించడం కొంచెం కఠినంగా అనిపించవచ్చు. నా అనుభవంలో జీవిత ప్రణాళిక నిజంగా మొదలయ్యేది ఇక్కడే. ముందు ఏం కావాలో రాసుకుని తర్వాత మార్గం వెతకడం అందరికీ తెలిసిన పద్ధతి. ఇప్పుడున్న ఏర్పాటు దేన్ని కాపాడుతోందో తెలియకుండా రాసుకున్న కోరిక మాత్రం, ఆ ఏర్పాటుతో ఢీకొన్న ప్రతిసారీ ఓడిపోతుంది.

ఆమె ఏర్పాటు నాలుగేళ్లలో థీసిస్ పేజీలను ఉత్పత్తి చేయలేదు. తన దగ్గరికి వచ్చిన ఎవరూ నిరాశతో వెనుదిరగకపోవడం అన్న ఫలితాన్ని మాత్రం ఒక్క వారం కూడా తప్పకుండా ఇచ్చింది. ఈ మాట కాగితం మీద రాశాక ఆమె చాలాసేపు దానివైపే చూశారు. "చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఏ పనైనా 'అది చూసుకుంటుందిలే' అనేవాళ్లు" అని, ఆ తర్వాత, "అది పొగడ్త అనుకున్నాను" అన్నారు. నేను ఆ దారిలో ఇంకా లోతుకు వెళ్లలేదు. గతం తవ్వడం ఈ పద్ధతికి అవసరం లేదు. ఏ వలయం ఇప్పటికీ తిరుగుతోందో తెలిస్తే చాలు.

పటం ఇంకొక అనుమానాన్ని కూడా రేపింది. థీసిస్ పూర్తికాకుండా ఉన్నంతకాలం దాని మంచిచెడ్డలను ఎవరూ తేల్చలేరు. అసంపూర్తిగా ఉండడం కూడా ఒక రక్షణ కావచ్చు. నమోదులో దీనికి ఆధారం దొరకలేదు, ఆమెకూ అలా అనిపించలేదు. అందుకని పటంలో దాన్ని చుక్కల గీతతో వదిలేశాం. బాగా అతికినట్టు కనిపించే ప్రతి వివరణా నిజం కానక్కర్లేదు.

ఏమి మార్చాం

చాలామంది నాతోటి వృత్తివారు నిద్రతోనో ఉదయపు దినచర్యతోనో మొదలుపెడతారు. ఈ కేసులో నేను దాన్ని ముట్టుకోలేదు. ఇక్కడ నిద్ర ఫలితమే కానీ పట్టు దొరికే చోటు కాదు. పట్టు దొరికే చోటు రాక దగ్గర, ఆమె "సరే" అనే ఆ రెండు సెకన్ల దగ్గర ఉంది.

మార్చిన నియమం ఒక్కటి: ఎవరు అడిగినా అప్పటికప్పుడు సరే అనకూడదు. ఉద్దేశాన్ని "ఇకపై ఆలోచించి ఒప్పుకుంటాను" అని సాధారణంగా రాసుకుంటే అది నిలవదు. పరిస్థితినీ చర్యనూ కలిపి "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అన్న రూపంలో నిర్ణయించుకున్న ఉద్దేశాలు అమలయ్యే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ తొంభైలలో చేసిన పరిశోధనలు, వాటి తర్వాత వచ్చినవి చూపించాయి. ఆమె తన మాటల్లో రాసుకున్నది ఇది: "ఎవరైనా పని అడిగితే, 'షీట్ చూసి రేపు పదింటికి చెబుతాను' అంటాను." ఆ షీట్‌లో ఒప్పుకున్న పనులన్నీ, పైన వాటి మొత్తం పెద్ద అంకెలో ఉంటాయి. ఆ మొత్తం 16 దాటకూడదు. దాటితే కొత్తది రావాలంటే పాతది ఒకటి పూర్తవ్వాలి, లేదా ఇచ్చినవారికే మర్యాదగా తిరిగి వెళ్లాలి. నిర్ణయం తీసుకునే క్షణంలో సమాచారం కళ్లముందు ఉండడమే ఇందులోని కిటుకు. అంతకుముందు ఆ అంకె ఎక్కడా లేదు కనుక, కాదనడానికి ఆమె దగ్గర తన మనసు తప్ప మరో ఆధారం ఉండేది కాదు. అడిగేవారి ముందు ఆ ఆధారం ఏనాడూ నిలబడలేదు. జూనియర్ల డ్రాయింగులను సరిచేయకుండా, తప్పున్న చోట గుర్తు పెట్టి వెనక్కి పంపాలన్నది దీనికి అనుబంధం.

వ్యవస్థ ఎదురుతిరుగుతుందని ముందే ఊహించి, మొదటి రెండు నెలల్లో పరిస్థితి మెరుగయ్యేముందు దిగజారవచ్చని ఆమె చేతనే రాయించాను. అలాగే జరిగింది. డ్రాయింగులు రెండు మూడుసార్లు తిరగడంతో ఆలస్యమయ్యాయి. పై అధికారి, బృందంలో ఏదైనా సమస్యా అని అడిగారు. తమ్ముడు, "ఏమైందక్కా నీకు, ఇదివరకు అడగ్గానే చేసేదానివి" అన్నాడు. ఆ వారం ఆమె నియమాన్ని దాదాపు వదిలేశారు. ముందే రాసి పెట్టుకున్న కాగితం లేకపోతే దీన్ని కూడా మరో వైఫల్యంగా నమోదు చేసేవారే. మూడో నెలలో జూనియర్ల నుంచి వచ్చే డ్రాయింగుల్లో తప్పులు తగ్గడం మొదలైంది. పనుల నిల్వ ఇరవైలోకి దిగింది. పడుకునే సమయం ఎవరూ చెప్పకుండానే ముందుకు జరిగింది.

నేను ఆశించని మలుపు ఇక్కడ ఎదురైంది. సాయంత్రాలు ఖాళీ అయ్యాయి, థీసిస్ మాత్రం కదలలేదు. ఆ సమయం ఫోన్‌లోకి, టీవీలోకి వెళ్లింది. పటాన్ని మళ్లీ తీసి చూస్తే కారణం దొరికింది: ఆమె వ్యవస్థ ఇతరులు అడిగినదానికి కదులుతుంది, థీసిస్‌ను అడిగేవారెవరూ లేరు. ఈ గుణాన్ని లోపంగా భావించి సరిదిద్దడానికి ఏళ్లు పట్టవచ్చు. దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవడం సులువనిపించింది. ఆమెతోపాటు పరిశోధన మొదలుపెట్టి పూర్తిచేసిన ఒక స్నేహితురాలు, నెలకోసారి రాసినంత మేరకు చదివి అభిప్రాయం చెప్పడానికి ఒప్పుకున్నారు. "శనివారానికి పంపుతావు కదా" అన్న ఒక సందేశం నాలుగేళ్ల షీట్లు చేయలేని పనిని చేసింది. ఇలా ఇతరుల మీద ఆధారపడితే సొంత ప్రేరణ ఎప్పుడు వస్తుందని ఈ కేసు విన్న ఒకరిద్దరు అడిగారు. పని జరగడానికి ప్రేరణ ఏ వైపు నుంచి వచ్చిందన్నది నాకు అంత ముఖ్యంగా అనిపించదు.

ఐదేళ్ల ప్రణాళిక

ఇవన్నీ కుదుటపడ్డాకే జీవిత ప్రణాళిక జోలికి వెళ్లాం. మిగిలిన మూడు అధ్యాయాలకు ఎనిమిది నెలలు చాలునని ఆమె అంచనా. ప్రణాళిక వేసేటప్పుడు మనం ముందున్న పని వివరాల్లో మునిగి, ఇలాంటి పనులకు ఇదివరకు ఎంత కాలం పట్టిందో చూడడం మరచిపోతామని కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లో వివరించారు. రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో, తుది సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామని చెప్పారు. నిజానికి సగటున 55 రోజులకు పైగా పట్టింది. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు వారు చెప్పిన గడువును కూడా అది దాటిపోయింది. ఈమె విషయంలో వెతకాల్సిన ఆధారం ఆమె దగ్గరే ఉంది: పూర్తయిన రెండు అధ్యాయాలకు సగటున ఏడేసి నెలలు పట్టాయి. మూడు అధ్యాయాలకు 21 నెలలు. ఈ అంకె ఆమెకు నచ్చలేదు, అయినా షీట్‌లో అదే రాశారు.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఐదేళ్ల ప్రణాళిక మొత్తం "నాకు బోధన నచ్చుతుంది" అన్న ఒక్క ఊహ మీద నిలబడి ఉంది. ఆ ఊహను ఆమె ఎన్నడూ పరీక్షించలేదు. ఏళ్ల శ్రమ పెట్టే ముందు చిన్న మోతాదులో చూసుకోవడం మంచిదని, ఒక కళాశాలలో కొన్ని వారాంతాలు అతిథి అధ్యాపకురాలిగా పాఠాలు చెప్పారు. విద్యార్థుల డిజైన్లను ముందు పెట్టుకుని చర్చించే తరగతులు ఆమెకు ఎంతో ఉత్సాహాన్నిచ్చాయి. పెద్ద తరగతిలో ఉపన్యాసం, జవాబు పత్రాలు దిద్దడం ఒక్క నెలలోనే విసుగు పుట్టించాయి. దాంతో గమ్యం జరిగింది. విశ్వవిద్యాలయ అధ్యాపక పదవికి బదులు, వృత్తిలోకి కొత్తగా వచ్చిన ఇంజినీర్లకు డిజైన్ సమీక్ష నేర్పే పని వైపు చూడడం మొదలుపెట్టారు. దానికి ఆ పట్టా తప్పనిసరి కాదు. థీసిస్‌ను వదిలేయలేదు, ఇష్టంతో చేసే పనిగా ఉంచుకున్నారు. మిగతా జీవితం దానికోసం వేచి ఉండడం మాత్రం ఆగింది.

కొత్త ప్రణాళికలో తేదీల కంటే షరతులు ఎక్కువ. ఎదురయ్యే ఒడుదుడుకులు ఎన్ని రకాలో, వాటిని తట్టుకునే ప్రతిస్పందనలు కూడా అన్ని రకాలు ఉండాలని రాస్ ఆష్బీ 1950లలో సూత్రీకరించారు. ఆమె పాత షీట్లలో ప్రతి ఇబ్బందికీ ఒక్కటే విరుగుడు: రేపు రెట్టింపు చేయాలి. ఇప్పుడు మూడు స్థాయిలు ఉన్నాయి. మామూలు రోజుల్లో వారానికి ఐదు గంటలు థీసిస్‌కు. పనుల నిల్వ 16 దాటితే రెండు గంటలు, ఒప్పుకోవడం పూర్తిగా బంద్. ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం వంటిది వస్తే వారానికి ఒక్క గంట, అదీ రాయడానికి కాదు, రాసినది చదవడానికి మాత్రమే. తర్వాతి ఏడాది మధ్యలో తల్లి ఆసుపత్రిలో చేరినప్పుడు ఆమె మూడో స్థాయికి దిగి, సుమారు ఆరు వారాల తర్వాత తిరిగి మొదటి స్థాయికి వచ్చారు. ఏడాది చివరికి ఒక అధ్యాయం గైడ్ చేతికి వెళ్లింది. పనుల నిల్వ 13కూ 17కూ మధ్య ఊగుతోంది. రోజువారీ నమోదును పటం పూర్తికాగానే ఆపించాను, లేకపోతే అది కూడా ఒప్పుకున్న పనుల్లో 37వది అయ్యేది.

ఈ పద్ధతి హద్దులు

ఆమెకు కాదనే అవకాశం ఉంది. కాదంటే ఉద్యోగం పోయే స్థితిలో ఉన్నవారికి, పనిభారం మొత్తం పైనుంచి నిర్ణయమయ్యేవారికి ఇదే పటం గీస్తే, పట్టు దొరికే చోటు వారి హద్దు బయట కనిపిస్తుంది. అప్పుడు పటాన్ని నిజాయితీగా చదివి ఆ మాట చెప్పాలి. బయట ఉన్న కారణానికి మనిషి లోపల మరమ్మతు చేయబోవడం అన్యాయం. అలాగే, రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, ఇష్టమైన వాటిపై కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తారుమారు కావడం వంటివి ఉంటే వలయాలు గీస్తూ కూర్చోకూడదు, వైద్యుడికి చూపించాలి. మొదటి సమావేశంలోనే వీటి గురించి అడిగి, లేవని నిర్ధారించుకున్నాకే ఈ కేసు తీసుకున్నాను.

ఆమె విషయంలో ఇంకా తేలనిది తమ్ముడి వైపు నుంచి వచ్చే పనులు. ఆఫీసులో నిలబడిన నియమం అక్కడ నిలబడలేదు. "వాడికి షీట్ చూసి చెబుతాననలేనండీ" అన్నారు. తల్లి వైద్యానికి సంబంధించిన కాగితాలు, బీమా, ఆసుపత్రికి తిప్పడం ఇవన్నీ ఇప్పటికీ ఆమె నిల్వలోకే వస్తున్నాయి. ఇది ఆమె ఒక్కరి పటంలో తేలేది కాదు, బాణానికి రెండో కొస ఆయన దగ్గర ఉంది. వచ్చే త్రైమాసిక సమీక్షకు ఆయనను కూడా రమ్మని ఆమె అడిగారు. వస్తానన్నారు. ఇద్దరి పనుల జాబితాలనూ ఒకే కాగితం మీద రాయడంతో ఆ సమావేశం మొదలవుతుంది.